నురగను నాలుక మీద పెట్టుకున్న టీచరమ్మ

మీరే చంపారు. ఈ పేజీ చదువుతూ "అయ్యో పాపం" అంటున్న మీరే. రాయి విసిరిన చెయ్యి ఒక్కటే కావచ్చు. ఆ చేతికి చోటిచ్చి పక్కకు జరిగినవాళ్లు, చెరువు కట్ట మీద ఫోన్లు పైకెత్తినవాళ్లు, ఆ వీడియోను టిఫిను తింటూ చూసి ఇంకొకరికి పంపినవాళ్లు ఎంతమంది? వాళ్లలో మీరు లేరని ప్రమాణం చేయగలరా? మా సైన్సు టీచరమ్మ మొన్న ఆదివారం పొద్దున ఒంగోలు ఆసుపత్రిలో చనిపోయారు. తల పగిలినప్పటి నుంచి కళ్లు తెరవలేదు. "కట్ట మీద జారిపడి మృతి" అని ఒక పత్రిక రాసింది. జారిపడలేదు. కొట్టి చంపారు.

ఆమెది మార్కాపురం. పలకల గనిలో దుమ్ము ఆమె నాయన ఊపిరితిత్తులను తినేసింది. ఆయన రక్తం కక్కుకుని పోతే, కూతురు విశాఖ వెళ్లి సముద్రం పైపొర గురించి చదువుకుని వచ్చింది. కొమరోలు వైపు మా హైస్కూల్లో చేరింది. "కరువు సీమలో సముద్రం పాఠాలేందమ్మా?" అని హెడ్మాస్టరు ఎగతాళి చేస్తే, "నీళ్లు లేనోళ్లకే నీళ్ల సంగతి తెలియాల సార్" అన్నారట.

మమ్మల్ని ఒకసారి కొత్తపట్నం తీసుకుపోయారు. మేం అలల్లోకి ఉరికాం. ఆమె మోకాలి లోతులో నిలబడి, చట్రం లేని పలకను నిలువుగా ముంచి, మెల్లగా పైకి లాగుతున్నారు. వల బాగుచేసుకుంటున్న ఒకాయన నవ్వాడు.

"ఏందమ్మా, సముద్రానికి అక్షరాలు దిద్దిస్తన్నావా?"

"లేదన్నా, దాని తోలు ఒలుస్తుండా."

పలకకు అంటిన తడిని రబ్బరు ముక్కతో సీసాలోకి గీకి మాకు చూపించారు. కంటికి నీళ్లే. కానీ నాచూ, కంటికి కనపడని జీవులూ విడిచిన జిగురు, కొవ్వు పైకి తేలి సముద్రం మీద పలచటి పొర కడతాయట. మన కుంకుడు రసంలాంటి గుణమే దానిది. చిన్న చిన్న అలలను అణుస్తుంది. కెరటాలు చిలికితే నురగవుతుంది. గాలికీ నీటికీ మధ్య రాకపోకలన్నీ ఆ పొర దాటే జరగాలి. "పలచగుందని ఈసడించబాకండి. సముద్రం ఊపిరి తీసేది ఈ తోలుగుండానే" అన్నారు. ఊపిరి అనే మాటను ఆమె ఎప్పుడూ తేలిగ్గా పలకలేదు.

ఇక చెరువు సంగతి. మా చెరువు ఏళ్ల తరబడి ఎండిపోయి, సర్కారు తుమ్మ మొలిచి, లారీలు తిరిగే బాట అయింది. ఈ ఏడు నిండింది. అడుగున మునిగిన గడ్డీ కంపా కుళ్లాయి. గాలి లేచింది. కట్ట పొడుగునా మోకాలెత్తు నురగ పేరుకుంది. నిండు చెరువును చూసి ఎరగని ఊరికి నురగంటే ఒకటే అర్థం, ప్యాకెట్ సబ్బుపొడి. సరిగ్గా అప్పుడే ఊరి బయట దళితుల పాలెం నుంచి వచ్చిన కూలిమనిషి రేవు చివర రెండు బొంతలు ఉత్త నీళ్లలో జాడిస్తోంది.

"పాలెమోళ్లు చెరువంతా సబ్బు చేసినారు!"

జుట్టు పట్టి ఈడ్చారు. డొక్కలో తన్నారు. ఆమె బిందెతో ఆమెనే బాదారు. టీచరమ్మ ఆపడానికి పరిగెత్తారు. ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకుని, ఆ రోజు ఊరికి వచ్చి ఉన్న నేను ఆమె వెనకే పరిగెత్తాను. అడ్డం పోతే నా కుడిచెయ్యి విరగ్గొట్టారు.

"వదలండ్రా! సబ్బు యాడుంది? చూపించండి."

"ఈ నురగ మరి ఆకాశంలోంచి ఊడిపడిందా?"

"కుళ్లిన గడ్డిలోంచి వచ్చినాది, నాచులోంచి వచ్చినాది. సముద్రంలోనూ ఇట్లనే వస్తాది. వాసన చూడు."

దోసెడు నురగ తీసి ఆ మాట అడిగినవాడి ముక్కు దగ్గర పెట్టారు. గోధుమరంగు నురగ, బురద వాసన. వాడు మొహం తిప్పుకున్నాడు. ఆమె దాన్ని నాలుక మీద పెట్టుకున్నారు.

"సబ్బయితే నాలిక మండాల. నాకేం మండలే. నువ్వూ చూడు నాయనా."

"టీచరమ్మ పాలెమోళ్ల మురికి తాగింది రోయ్!" అని వెనక నుంచి ఎవడో ఇకిలించాడు. ఆమె ఎదురుగా ఉన్నవాడి వేలు నురగ దాకా పోయి ఆగింది. రుచి చూస్తే ఒప్పుకోవాలి. తప్పులేని మనిషి ఎముకలు విరిచామని ఊరి ముందు చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పడం కంటే మీకు చంపడం తేలిక. రాయి వచ్చింది. ఆమె నురగలోకే పడ్డారు. నురగ ఎర్రబడింది.

ఇప్పుడు కేసు ఎవరి మీదో తెలుసా? పక్కటెముకలు విరిగి మంచాన పడిన ఆ కూలిమనిషి మీద, చెరువు నీళ్లు పాడుచేసిందని! సాక్ష్యమంటూ పోలీసులు ఆమె బొంతలు పట్టుకుపోయారు. ఇటు ఊరి పెద్దలు టీచరమ్మ ఫోటోతో ఫ్లెక్సీ కట్టించి సంతాపసభకు మైకు మాట్లాడారు. మీ దండలు మీ మెడల్లోనే వేసుకోండి. నేను అడిగేది ఇవి:

ఆ కూలిమనిషి మీద కేసు ఎత్తెయ్యాలి.

రాయి వేసినవాడినీ, తన్నినవాళ్లనూ అరెస్టు చెయ్యాలి. వీడియో మీ ఫోన్లలోనే ఉంది, ఇచ్చెయ్యండి.

చెరువు నీళ్లను ఊరందరి ముందు పరీక్ష చేయించాలి. ఫలితం పంచాయతీ గోడ మీద రాయాలి.

రేవు పాలేనికీ ఊరికీ ఒక్కటే కావాలి.

ఆ కూలిమనిషి వైద్యం ఖర్చు కొట్టినవాళ్లే పెట్టాలి.

ఆ రెండు బొంతలు తిరిగి ఇవ్వాలి. చలి మొదలైంది, ఆ ఇంట్లో పిల్లలు వట్టి నేల మీద పడుకుంటున్నారు.