రాహేలమ్మ చెలమ

రాహేలమ్మను అవతలి పార్టీవాళ్లే ఇసుక ట్రాక్టర్లకు అడ్డంగా కూర్చోబెట్టారని జమ్మలమడుగు దాకా పుకారు. అదంతా వట్టిమాట.

ఊరి నాయకుడి ట్రాక్టర్లు పెన్నలో ఇసుక తోడి తోడి ఊరివాళ్లు తాగే చెలమను ఎండగొట్టాయి. ఒకప్పుడు అంటు అని ఆ చెలమను తాకనివ్వనందుకే రాహేలమ్మ అత్త దిగువన, ఇసుకలో వేరే చెలమ తవ్వుకుంది. ఇప్పుడు ఊరంతా బిందెలతో అక్కడికే వస్తోంది. రాహేలమ్మ ఒక్కరినీ పొమ్మనలేదు. ట్రాక్టర్లు అక్కడికీ దిగేసరికి, చెలమ పక్కనే చాప పరిచి కూర్చుంది.

బాంబుల సంచులున్న జీపు దిగి, నాయకుడి మనిషి ఓబుళరెడ్డి మీసం తిప్పాడు.

“ఏ పార్టీ అండ చూసుకోని కూర్చున్నావు మేయ్?”

ఇన్నాళ్లలో ఆ మాట ఆమెనే సూటిగా అడిగినవాడు అతనొక్కడే.

“మీయమ్మ పొద్దన్నే ఈడికే నీళ్లకొచ్చింది. ఆయమ్మది ఏ పార్టీనో ఇంటికి పోయి అడుగు నాయనా. ముందు ట్రాక్టరు ఎనక్కి తిప్పు.”