ఒక ముద్ద అంటే ఎంత

మా ఆయనకు షుగరు ఉన్న సంగతి ఇంటిల్లిపాదికీ ఆరేళ్ళుగా తెలుసు. ఆయన మాత్ర మింగేవాడు, మిగతాది దేవుడు చూసుకునేవాడు. ఈ ఏర్పాటు ఇద్దరికీ బాగానే నడిచింది. ఒకరోజు మగ్గం మీద పడుగులో పోగు తెగి, ఆ తెగిన కొస కనబడక నన్ను పిలిచేదాకా.

ముప్పై ఏళ్ళుగా ధర్మవరంలో పట్టుచీరలు నేస్తున్న మనిషికి పట్టుపోగు కనబడకపోవడం కొంచెం ఇబ్బందే. "లైటు సరిగ్గా లేదే," అన్నాడు. లైటు మార్చాం. "ఈ నల్లరంగే అంత," అన్నాడు. తర్వాతి చీర పసుపురంగు. మూడోసారి పిలిచినప్పుడు ఏ సాకూ చెప్పలేదు. నాకు భయం వేసింది అప్పుడే.

మా పుట్టిల్లు హిందూపురం. డిగ్రీ అక్కడే చదివాను. నాలో కనబడే లోపాలన్నిటికీ ఆ డిగ్రీయే కారణమని మా అత్త నమ్మకం. తెలిసిన ఊరు కదా అని ఆయన్ను రైలెక్కించి అక్కడి ఆసుపత్రికే తీసుకెళ్ళాను. కంటి డాక్టరు చాలాసేపు చూసి, కంటి వెనక సన్న రక్తనాళాలు చెడిపోవడం మొదలైందన్నాడు. షుగరు దిగితే అక్కడితో ఆగవచ్చు. దిగకపోతే మగ్గం సంగతి మరచిపోవాలి. పక్కగదిలో షుగరు డాక్టరమ్మ మాత్రలు మార్చి, తిండి సంగతి చెప్పింది. మధ్యాహ్నం ఒక రాగిముద్ద, దాంతో పప్పూ కూరా ఎక్కువగా, రాత్రికి రెండు చపాతీలు. మూడు నెలల తర్వాత మళ్ళీ రమ్మంది.

మా ఆయన ముఖం వెలిగిపోయింది. "ఒక ముద్దనా? నేను దినామూ తినేది ఒక ముద్దనే గదా!"

నెల గడిచింది. రోజుకు ఒక్క ముద్దే తిన్నాడు, ప్రమాణం చేసి చెప్పగలను. రక్తపరీక్ష చేయిస్తే దిగాల్సిన అంకె ఎక్కి కూర్చుంది.

ఆ మధ్యాహ్నం వంటింట్లో నిలబడి మా అత్త సంగటి కెలకడం మొదటిసారి శ్రద్ధగా చూశాను. రాగిపిండి కంటే ముందు ఎసట్లో దోసెడు బియ్యం పడ్డాయి. కెలికాక ముద్ద చేయడానికి ఆమె రెండు చేతులూ చాల్లేదు. తడి పళ్ళెంలో వేసి దొర్లించింది. రాగులు షుగరుకు మంచివని ఎవరో చెప్పారట. మంచిదైతే ఎక్కువ పెట్టాలి కదా. నెలరోజులుగా ఆమె కొడుక్కి తిండి పెట్టడం లేదు, వైద్యం చేస్తోంది.

మగ్గం పక్కన పట్టూ జరీ తూచే చిన్న కాటా ఉంటుంది. తెచ్చి ముద్దను దాని మీద పెట్టాను.

"ఏమ్మే, నీకేమన్నా పిచ్చి పట్టినాదా? పట్టు తూచే కాటా మింద సంగటి పెడ్తావా? లక్ష్మి ఎల్లిపోతాది!"

"లక్ష్మి యాడికీ పోదులే అత్తా. పోయేది నీ కొడుకు కండ్లు."

కాటా ముప్పావుకిలో చూపించింది. తర్వాత మా అమ్మ చేసే పద్ధతిలో, బియ్యం లేకుండా, ఒక్క అరచేతిలో పట్టే ముద్ద చేసి తూచాను. పావుకిలో. డాక్టరమ్మ చెప్పింది హిందూపురం ముద్ద. మేము తింటున్నది ధర్మవరం ముద్ద. రెండు ఊళ్ళకూ మధ్య రైలులో గంట పైన పడుతుంది. రెండు ముద్దలకూ మధ్య అరకిలో.

మర్నాటి నుంచి సంగటి నేనే కెలికాను. పళ్ళెంలో పావుకిలో ముద్ద, దాని చుట్టూ పప్పు, గోరుచిక్కుడు కూర, ఉలవ గుగ్గిళ్ళు. మా ఆయన ముద్దను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ముద్దనా, ముద్దకు పుట్టిన బిడ్డనా?"

"కాళ్ళతో తొక్కే పని చేసే మొగోడు," అంది మా అత్త, నాతో కాదు, గోడతో. "నిమ్మకాయంత పెడ్తే మగ్గం యాడ తొక్కుతాడు? నా కొడుకు కడుపు మాడుస్తాండాది."

మొగుడికి కూడు తూచి పెట్టే ఆడది అన్న పేరు వారంలో పక్కూరు బత్తలపల్లి దాకా పోయింది. నిజమే కాబట్టి కాదనలేదు. పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు కూడా ఒకరోజు కాటా పళ్ళెం అంచున ఎండిన పిండిని గోటితో గీకి చూసి, "జరీలో రాగి కలిపేవాళ్ళను చూసినా గానీ, కాటాలో రాగి కలిపేవాళ్ళను ఈడనే చూస్తాండా," అన్నాడు. మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆకలి మీదున్న మనిషి అంత గట్టిగా నవ్వగలడని నాకు అప్పటిదాకా తెలియదు.

అసలు పరీక్ష పెనుకొండలో. మా ఆయన అక్క అక్కడ కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలిచింది. విస్తరి ముందు ఆయన పక్కనే కూర్చున్నాను. ఆయన అక్క స్వయంగా వచ్చి ఆయన ఆకులో బెల్లం పూర్ణం పెట్టిన మూడు ఓళిగలు వేసి, పైన నెయ్యి పోసింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు, నెయ్యి పోయడం అయిపోయాక.

"ఒక్క దినానికి ఏమైతాదప్పా? అక్క పెట్టింది వద్దంటావా?"

షుగరు అసలు పేరు అదే, ఒక్క దినం. అంతకుముందు నెలలో ఇట్లాంటి ఒక్క దినాలు తొమ్మిది వచ్చాయి. పెళ్ళి ఒక దినం, పేరంటం ఒక దినం, ఎవరికో ఉద్యోగం వచ్చిన దినం. ఆయన నావైపు చూశాడు. ఆ చూపులో అక్క ఒక పక్క, మగ్గం ఇంకో పక్క ఉన్నాయి. ఆయన వద్దంటే అక్క ఏడుస్తుంది. నేను వద్దంటే పెనుకొండ మొత్తం మాట్లాడుతుంది.

 నేనే ఆయన ఆకులోకి చెయ్యి చాపి మొదటి ఓళిగ తీసుకుని తిన్నాను. తర్వాత రెండోది, మూడోది. పంక్తి మొత్తం తినడం ఆపి చూసింది.

"అయ్యో! మొగుని ఆకులోది లాక్కొని తింటాండాదే!" అంది ఎదురు వరసలో ఒకామె.

"శానా బాగుండాయి వదినా. ఇంగొకటి ఎయ్యి."

మా వదిన కూడా పట్టుదల గల మనిషే. ఇంకో రెండు వేసింది, మళ్ళీ ఆయన ఆకులోనే. అవీ తిన్నాను. ఐదోది గొంతు దిగడానికి కొంత చర్చ జరిగింది. ఆయన తలొంచుకుని చిక్కుడుకాయ కూర తింటూ పోయాడు. నాకు షుగరు లేదు. ఆ రోజు నుంచి సిగ్గు కూడా లేదు.

 తిరుగు రైలులో ఆయనే అడిగాడు.

"కడుపు నొప్పిగా ఉండాదా?"

"రోంత."

"ఇంగ మీంద నేనే చెప్తాలే, వద్దని."

చెప్పాడు కూడా. మొదటిసారి చాలా నెమ్మదిగా, వడ్డించేవాడికి వినబడకుండా. రెండోసారి వినబడింది.

మూడు నెలలకు మళ్ళీ హిందూపురం వెళ్ళాం. షుగరు దిగింది. కంటి డాక్టరు ఈసారి ఇంకా ఎక్కువసేపు చూసి, చెడింది బాగుపడదు గానీ చెడడం ఆగిందన్నాడు. ఆరు నెలలకు మళ్ళీ రావాలి. ఇంటికొచ్చి చెబితే మా అత్త అంతా విని, "ఆగిందంట గదా, ఇంగ రోంత పెద్దది చేద్దామా?" అంది. కాటా తెచ్చి ఆమె ముందు పెట్టాను. గోడతో మాట్లాడటానికి వెళ్ళిపోయింది.

మర్నాడు నేను గుమ్మంలో ఉండగా మగ్గం టక్కున ఆగింది. పోగు తెగింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని వంగాడు. నేను కదల్లేదు. పిలుస్తాడని కాళ్ళు మాత్రం సిద్ధంగా ఉన్నాయి. వేళ్ళు పడుగు మీద అటూ ఇటూ వెతికాయి. కాసేపటికి కొస దొరికింది. అతుకు వేశాడు.

"ఏమే, ఆడ నిలబడి ఏం చూస్తాండావు?"

"ఏం లేదు."

"ముద్ద ఎప్పుడు?"

"ఒంటిగంటకి."

"ఎంత?"

"పావుకిలో."

"పోగు దొరికినాది గదా. ఈ పొద్దు ఒక్క దినం, రోంత..."

"లేదు."