మా పెరట్లో ఈగల పంక్తి

పోయిన ఆదివారం తిరుపతిలో మా అక్క కొడుకు ఇంట్లో భోజనాలు. ఇంటి వెనక ఉన్న కొద్దిపాటి జాగాలో బల్లలు వేసి, ఒక మూలన నీలిరంగు దీపం పెట్టారు. దానికి తగిలిన ఈగ చిటుక్కుమని మాడిపోతుంటే పిల్లలు అటే చూస్తూ అన్నం తిన్నారు. నాకు మాత్రం చిత్తూరులో మేము అద్దెకున్న ఇల్లు, డెబ్బైల చివర ఆ పెరట్లో జరిగిన మా అక్క సీమంతం గుర్తుకొచ్చాయి, నిరుడు పోయిన నా భార్య గుర్తుకొచ్చింది.

మన వయసువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, అప్పట్లో ఇంట్లో శుభకార్యమంటే పెరట్లో పందిరి, నేలమీద విస్తళ్ళు, వాటిచుట్టూ ఈగలు. మా గోడకు అవతలే పాలు పోసే ఆయన కొట్టం, అందులో పది ఎనుములు ఉండేవి కనుక మాకు ఈగలు మరీ ఎక్కువ. అక్క పెళ్ళైన మరునాటి భోజనాల్లో ఆమె అత్తగారి పాయసంలో ఈగ పడింది. ఆవిడ విస్తరి మడిచి లేచిపోయింది. ఆ తర్వాత అక్కకు నెల తప్పిందని తెలిసినప్పుడు, అన్ని ఈగలున్న ఇంట్లో పసిబిడ్డను ఉంచలేమనీ, కానుపు తిరుపతిలో తమ ఇంట్లోనే జరగాలనీ కబురు పంపింది. తొలి కానుపు పుట్టింట్లో జరగకపోతే బంధువుల్లో తలెత్తుకోలేనని మా అమ్మ బెంగ. నాయన లేడు, ఆ బెంగ ఆమె ఒక్కతే మోసింది. చివరికి సీమంతం మా ఇంట్లో చేయడానికి ఆవిడ ఒప్పుకుంది. కానుపు సంగతి వచ్చి చూశాక చెబుతానంది.

నాకు అప్పటికి పెళ్ళయి నాలుగు నెలలు. నా భార్యది ఐరాల పక్క పల్లె, చెరుకు పండించి బెల్లం వండే కుటుంబం. మా అమ్మ ఆమెను కోడలని ఎప్పుడూ అనలేదు, ‘ఐరాల పిల్ల’ అనే అనేది. ఆ పిల్ల సీమంతానికి వారం ముందు మెల్లగా ఒక మాట చెప్పింది. బెల్లం వండే చోట కూలీలు అన్నానికి కూర్చునే ముందు, పాకం మీద తేలిన మడ్డి తీసి దూరంగా పెడతారట. ఈగలు దాని మీదికి పోతే, మనుషులు నెమ్మదిగా తింటారట.

“ఈగలు పోవాలంటే వాటికే విందు పెడతానంటావే పాపా” అంది అమ్మ.

“ఊరికే తోలితే యాడికి పోతాయత్తా? వాటికీ ఒక తావు సూపించాల.”

ఆమె నాయన డబ్బా నిండా మడ్డి బస్సులో తెచ్చాడు. వెంట వచ్చిన ఈగలకు టిక్కెట్టు ఎవరు తీస్తారని కండక్టరు అడిగాడట. సీమంతానికి మూడు రోజుల ముందే నా భార్య కొట్టం గోడ వారగా మూడు మూకుళ్ళలో ఆ మడ్డి పోసి పెట్టింది, ఈగలకు ఆ తావు అలవాటు కావాలని. రెండో రోజుకే వంటింటి వైపు ఈగలు పలచబడ్డాయి.

ఇక నేను చేసిన పని చెప్పాలి. సీమంతం నాటి ఉదయం మూకుళ్ళు కనబడనంతగా ఈగలు ముసిరి ఉన్నాయి. వియ్యాలవారు చూస్తే పరువేం కావాలనుకుని, ఎవరికీ చెప్పకుండా మడ్డి కాలవలో పారబోసి, మూకుళ్ళు తోమి, ఆ చోటంతా కడిగేశాను. గంట తిరిగేసరికి ఈగలన్నీ పందిట్లోకి వచ్చాయి. అరటాకులు మోసుకొస్తున్న నా భార్య ఖాళీ మూలను చూసి, నన్ను చూసింది.

“కడిగేసినారా? లోపలికి రావద్దని బోర్డు కూడా రాసిపెట్టుంటే సరిపొయ్యుండు, ఈగలు సదువుకుని పొయ్యుండు” అంది.

నవ్వలేదు. తిరుపతి బస్సు వచ్చే వేళయింది. పాయసానికి దంచిపెట్టిన బెల్లంలో సగానికి పైగా తీసి వేడినీళ్ళలో వేసింది. పాయసం గతేమిటని అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

“పాయసం తక్కువైతే ఎవురూ లెయ్యరత్తా. ఈగ పడితే లేస్తారు.”

అమ్మ చెయ్యి వదిలింది. ఆ పానకం అదే మూలన, అవే మూకుళ్ళలో పోసింది. అలవాటైన తావు కాబట్టి, వడ్డన మొదలయ్యేసరికి ఈగలు మళ్ళీ అక్కడికే చేరాయి, పందిట్లో ఒకటీ అరా మిగిలాయి. అక్క అత్తగారు విస్తరి ముందు కూర్చుని మొదట చుట్టూ చూసింది, తర్వాత తిన్నది. సగం దొన్నె పాయసం పోస్తే అదీ తాగింది. చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు ఆ మూల ఆవిడ కంటపడింది.

“ఏం వదినా, ఈగలకు వేరే పంక్తి పెట్టినావే.”

“మా కోడలు పెట్టింది” అంది అమ్మ. ఆమె నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు.

“అట్లయితే కానుపయ్యేదాకా మీ బిడ్డను ఈడనే పెట్టుకోండి. ఆ పిల్ల ఉండాది కదా” అని ఆవిడ చెయ్యి తుడుచుకుంది.

అక్కకు మా ఇంట్లోనే కొడుకు పుట్టాడు. వాడికి మూడో నెల నిండి తిరుపతికి పోయేదాకా నా భార్య వాడి మీద ఈగ వాలనివ్వలేదు. నేను ఆ తర్వాత చాలా పుస్తకాలు చదివాను, చదువుకున్నవాళ్ళ మధ్యే ఉద్యోగం చేశాను, కానీ చెడిపోయిన పనిని అంత నిదానంగా సరిచేసినవాళ్ళను కొద్దిమందినే చూశాను. ఈ మాట ఆమె బతికుండగా నలుగురిలో ఒక్కసారీ అనలేదు. భార్యను పదిమంది ముందు మెచ్చుకోవడం మన తరానికి చేతకాలేదు, మీలోనూ చాలామంది అంతే అయివుంటారు. ఇప్పుడు మా అల్లుడు, కూర బాగుంటే అందరి ముందే మా అమ్మాయితో ఆ మాట అంటాడు. ఆమె తలెత్తనైనా తలెత్తదు, రోజూ వినే మాటే కాబట్టి.