వంకలాయన సిఫారసు

వంకలాయన నోట ఒక్క మంచిమాట విన్న మనిషి ఆ కోర్టు ఆవరణలో లేడు. ముప్ఫై ఏళ్ల ప్లీడరీలో ఆయన వంక పెట్టకుండా వదిలింది ఎవర్నీ లేదు. ఓడిపోతాననుకున్న కేసు గెలిచిన కక్షిదారు ఆనందంతో కాళ్లమీద పడితే, "లే, లే. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకున్నావు" అన్నారు. తోటి ప్లీడరు పోతే సంతాప సభలో లేచి, "మంచివారే. కానీ ఏనాడూ వేళకి రాలేదు. ఇవాళ మాత్రం? మనమంతా పదింటికే సిద్ధమైతే, తను పన్నెండుకి బయల్దేరారు" అన్నారు. పోయినాయన భార్య కూడా నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆయన దగ్గర పద్దెనిమిదేళ్లుగా జూనియరుగా ఉన్నావిడకి మాత్రం ఆ ఏడాది నవ్వు రాలేదు. పై కోర్టులో జడ్జి పదవి ఒకటి ఖాళీ అయింది. పెద్ద ప్లీడర్లంతా అభ్యర్థుల గురించి అభిప్రాయాలు రాసి, సీలు వేసి పంపాలని ఎంపిక సంఘం అడిగింది. మళ్లీ ఖాళీ ఎన్నేళ్లకి వస్తుందో తెలీదు. మిగతా సీనియర్లు తమ జూనియర్ల గురించి తేనె పూసి రాస్తున్నారు. తన ఖర్మకి ఈయన దొరికారు.

"సార్, నా గురించి రెండు మంచి మాటలు..."

"రెండా? వెతకాలమ్మా."

"పోనీ ఒకటి."

"నువ్వు వాదిస్తుంటే గోడ గడియారం కూడా ఆవులిస్తుంది. ఏం రాయను?"

ఆఫీసు గది ఆయన ఇంట్లోనే. లోపల్నుంచి ఆయన భార్య కేకేసింది. "ఆ పిల్ల బతుకు పాడుచేయకండి! నాలుగు ముక్కలు తియ్యగా రాయండి!"

"చక్కెర లేని టీ ఇచ్చి తియ్యగా రాయమంటే ఎక్కణ్ణించి తేను?"

రెండు నెలలకి, ఒక మంగళవారం, పదవి ఎంపిక సంఘం ఛైర్మన్‌గారి వియ్యంకుడి కొడుక్కి దక్కింది. సర్టిఫికెట్లు వెనక్కి తెచ్చుకోవడానికి ఆవిడ సంఘం ఆఫీసుకి వెళ్లింది.

"అంతా మా సార్ చలవ" అంది హెడ్ గుమాస్తాతో.

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "తప్పమ్మా. వీళ్లు మొదట అనుకున్నది మీ సార్‌నే. ఒప్పుకుంటారా అని అడిగితే, తన మీద తనే రెండు పేజీలు రాసి పంపారు. మధ్యాహ్నమైతే కునికిపాట్లట, ఎడమ చెవి వినపడదట, ఎవరిమీదైనా పగపడితే వదలరట. మీ గురించి ఒకటే పేరా. పద్దెనిమిదేళ్లు వంకలు వెతికాను, వాదన నత్తనడక, అవతలివాళ్లు చెప్పేది పూర్తిగా వింటుంది గనక అలా అయింది, కుర్చీ ఈమెకే ఇవ్వండి అని."

"మరి రాలేదేం?"

"కొత్త జడ్జిగారి గురించి పదకొండు ఉత్తరాలొచ్చాయి. ఒక్కదాంట్లోనూ ఒక్క వంకా లేదమ్మా."

ఆవిడకి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఒక పనికిమాలినవాడి కోసం ఇద్దరి కుర్చీ పోయింది. అర్హత ఉన్నవాళ్లు పక్కవాళ్లని ముందుకి తోస్తుంటే, మధ్యలోంచి దూరి కూర్చునేవాడికి ఈ లోకంలో ఎప్పుడూ చోటు ఉంటుంది. తిన్నగా ఆయన గదికి వెళ్లి తలుపు దగ్గరే నిలబడింది.

"మీరు సంఘానికి రాసిన ఉత్తరంలో తప్పుంది సార్."

ఆయన ఉలిక్కిపడి కళ్లజోడు వెతుక్కున్నారు. "నా ఉత్తరంలోనా? ఎక్కడ?"

"పగపడతానని రాశారు. ఇన్నేళ్లలో మీరెవరి మీదా పగపట్టగా నేను చూళ్లేదు."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు.

"నిజమే. రాసేనాటికి లేదు. ఛైర్మన్ మీద పోయిన మంగళవారం నుంచి మొదలుపెట్టాను."

ఆవిడ కళ్లు తుడుచుకుంటూనే పగలబడి నవ్వింది. ఏమైందోనని ఆయన భార్య లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది.