మల్లెకు మాఘంలో నీళ్లు

తిమ్మాజిపేటలో మా పక్కింటి బాలస్వామి పెరట్లో నలభై మల్లె పొదలున్నాయి. ముప్పై ఏళ్లుగా ఆయనకూ భార్య తిరుపతమ్మకూ ఆ పూలే బతుకుతెరువు. పుష్యమాసం రాగానే ఆయన చెట్లకు నీళ్లు ఆపేసేవాడు. నేల నెర్రెలిచ్చి ఆకు వాడిపోయాక కొమ్మలను మోకాలెత్తుకు కోసి, మిగిలిన ఆకును చేత్తో దూసేవాడు. మొదళ్ల చుట్టూ మట్టి తీసి వేర్లకు నాలుగు రోజులు ఎండ తగలనిచ్చి, గొర్రెల ఎరువు వేసి, మాఘం వెళ్లాకే మళ్లీ నీళ్లు పెట్టేవాడు. అట్లా ఎండబెట్టకపోతే మల్లె ఆకు వేస్తుంది గానీ మొగ్గ వేయదు. నేను చదువుకున్న వృక్షశాస్త్రంలో దీనికి నాలుగు పేజీల వివరణ ఉంది. ఆయన మట్టి పిసికి చూసి, ఇక చాలనేవాడు.

పోయిన ఏడాది నుంచి ఆయనకు మతిమరుపు. మొదట బస్టాండు దారి మరిచిపోయాడు, తర్వాత కూతురు అఖిల పేరు. ఒక్క పని మాత్రం మిగిలింది. పొద్దున్నే లేచి తొట్టిలో బకెట్ ముంచి చెట్లకు నీళ్లు పోయడం. ఈసారి పుష్యం వచ్చినా ఆపలేదు.

"పెద్దమ్మా, ఆయన ఇట్లాగే పోస్తే ఈ ఏడు పూలు రావు," అన్నాను. పది నెలల మా పాప ఎక్కడ ఆ తొట్టి వైపు పాకుతుందోనని చంకలో బిగించి పట్టుకున్నాను.

"మల్లె సంగతి నాకే చెప్తున్నవా బిడ్డా," అని తిరుపతమ్మ నవ్వింది. "లగ్గమైన సంది నా మాట ఇన్నడా, ఇప్పుడింటడా?"

"బకెట్ దాచిపెట్టు మరి."

దాచింది. ఆ రోజంతా ఆయన ఇంటి చుట్టూ తిరిగాడు. మంచం కింద, గంపల వెనక వెతికాడు. అన్నం ముట్టలేదు. సాయంత్రం మా గడప దగ్గరికి వచ్చి, "నా పని ఏడ పోయిందమ్మా?" అని అడిగాడు. సలహా ఇచ్చింది నేనే.

మర్నాడు తిరుపతమ్మే బకెట్ తెచ్చి తొట్టి పక్కన పెట్టింది.

"పూలు పోతే పోనీ. మిరపకాయలు తెంపనీకె కూలికి పోత. గీ మనిషికి ఇంకేం మిగిలింది?"

చైత్రం వచ్చేసరికి ఊళ్లో మిగతా తోటలు తెల్లబడ్డాయి. ఇక్కడ ఆకు నడుమెత్తు పెరిగింది. పూలకోసం వచ్చే ఆడవాళ్లు గోడ మీదుగా తొంగిచూసి వెళ్లిపోయేవారు.

ఒక ఉదయం ఆమె కూలికి బయల్దేరుతుంటే, ఆయన పొదల మధ్య ఆగి ఒక కొమ్మను తిప్పి చూశాడు.

"ఎవలదే ఈ తోట? మల్లెకు మాఘంల నీళ్లు పోసిండ్రు. పని తెల్వనోళ్లు."

తిరుపతమ్మ సద్ది డబ్బా కింద పెట్టింది. "ఎవలో కొత్తోళ్లు. తెల్వక చేసిండ్రు పాపం."

"జర చెప్పు వాళ్లకు," అంటూ ఆయన బకెట్ ముంచాడు.

"చెప్త," అంది ఆమె.