పిల్ల నెమ్మదించింది

రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తప్పు లెక్కలు వేస్తాయని లోకమంతా హడలిపోతున్న రోజుల్లో, ఆ తప్పు దిద్దే పనిమీద నాన్న మమ్మల్ని సిడ్నీ తీసుకొచ్చారు. ప్రోగ్రాములో సున్నా సున్నా అని కనిపిస్తే, అది ఏ సంవత్సరమో తేలేదాకా ముట్టుకునేవారు కాదట. ఆ ఓపికంతా ఆఫీసులోనే ఖర్చయిపోయేదేమో, ఇంటిదాకా మిగిలేది కాదు.

ఊరి శివారు గిరావీన్‌లో మాది రెండు గదుల యూనిట్, అంటే ఫ్లాటే. అమ్మకి ప్యాకింగ్ ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు. స్కూలయ్యాక నేను స్కూల్లోనే, పెద్దవాళ్లు వచ్చేదాకా పిల్లల్ని కనిపెట్టుకునే కేర్‌లో కూర్చుంటే నాన్న వచ్చి తీసుకెళ్లేవారు. వారంలో ఐదు రోజులు అమ్మ నాకు నిద్రపోతూనే కనిపించేది. భోజనం దగ్గర నాన్నా నేనూ ఇద్దరమే.

ఒకరోజు నాన్న పప్పన్నం కలిపి పెడుతూ, "ఇంకో ముద్ద వేయనా?" అన్నారు.

"ఐ యామ్ రైట్, నాన్నా" అన్నాను.

స్కూల్లో పిల్లలందరూ అనే మాటే. వద్దు, చాలు అని. కొత్తగా నేర్చుకున్నానేమో, ఇంట్లో వాడి చూపించాలని సరదా పడ్డాను. నాన్న చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

"నువ్వు రైటా? అయితే నేను రాంగా? వచ్చి ఏడాది కాలేదు, అప్పుడే ఎదురు చెప్పడం నేర్చావు! ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఇంగ్లీషు ముక్క వినపడిందంటే చూడు!"

నాకు ఎనిమిదేళ్లు. ఎదురు చెప్పలేదని చెప్పడం కూడా ఎదురు చెప్పడమే అవుతుందని భయమేసి, కంచంలోది మింగేసి లేచాను.

అక్కడితో నా కబుర్లు ఆగిపోయాయి. స్కూల్లో జరిగేదంతా ఇంగ్లీషులోనే జరిగేది మరి. ఈత పోటీల రోజు అందరూ నీళ్లలో దూకుతుంటే నేనొక్కదాన్నే రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను. జట్టుకి ఎవరూ పిలవలేదు. అది తెలుగులో ఎలా చెప్పాలో తెలియలేదు. యూనిట్ల వెనక గొడుగులా తిరిగే బట్టల తీగ ఉండేది. దాన్ని తిప్పుతూ దానికే చెప్పుకునేదాన్ని. ఎంత ఒంటరిగా అనిపించేదో ఇప్పటికీ మాటల్లో పెట్టలేను.

ఇంట్లో మాత్రం నాకు మంచి పేరొచ్చింది. "పిల్ల నెమ్మదించింది" అని నాన్న అమ్మతో మురిసిపోయారు. ఇంటికొచ్చిన ఆంటీలు "నోట్లో నాలుక లేని పిల్ల, మా వాళ్లూ ఉన్నారు ఎందుకూ!" అని బుగ్గలు పుణికి వెళ్లేవారు.

చలికాలంలో ఒక శనివారం కుళాయి కారుతోందని నాన్నా నేనూ హార్డ్‌వేర్ షాపుకి వెళ్లాం. వాషర్ల ముందు తికమకపడుతున్న నాన్న దగ్గరికి షాపతను వచ్చి, "యూ రైట్, మేట్?" అన్నాడు.

నాన్న ముఖం ఎర్రబడింది. "ఐ డిడ్ నథింగ్ రాంగ్!" అన్నారు గట్టిగా. అతను బిత్తరపోయాడు.

నేను నాన్న చొక్కా లాగాను. "తిట్టట్లేదు నాన్నా. ఏమైనా సాయం కావాలా అంటున్నాడు."

కార్లో కూర్చున్నాక నాన్న తాళం తిప్పలేదు.

"మరి ఆ రోజు అన్నం దగ్గర నువ్వన్నది?"

"చాలు అని."

"అప్పుడే చెప్పొచ్చుగా?"

"మీరు అడగలేదుగా."

నాన్న తాళం తిప్పారు. ఇంటికొచ్చాక సోఫాలో నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. అంత దగ్గరగా కూర్చుని ఎన్నాళ్లయిందో. "స్కూల్లో ఏం జరుగుతోందో చెప్పమ్మా. ఇంగ్లీషులోనే చెప్పు, ఏమీ అనను" అన్నారు.

నోరు తెరిచాను. ఈత పోటీల దగ్గర మొదలుపెట్టాలా, అంతకుముందు నుంచా, తేల్చుకోలేకపోయాను. ఇంగ్లీషులోనూ రాలేదు, తెలుగులోనూ రాలేదు.

"ఏం లేదు నాన్నా. అంతా బాగానే ఉంది" అన్నాను.

నాన్న హమ్మయ్య అనుకుని, నా తల నిమిరి, కుళాయి బాగుచెయ్యడానికి లేచారు.