నురగ భయం

నెల్లూరు జిల్లా కోట ఊరి దగ్గర రొయ్యల గుంటలు సాగుచేసే మస్తానయ్యకు ఈ లోకంలో నురగను మించిన శత్రువు లేదు. గుంట మీద నురగ విరక్కుండా నిలిచిందంటే నీళ్లు చెడినట్టే, రొయ్యలు చచ్చినట్టే. అందుకే అన్నం తినేటప్పుడు కూడా ఒక చెవి నీళ్లు చిలికే ఏరియేటర్ల చప్పుడు మీదే ఉంచుతాడు. కరెంటు పోతే నోట్లో ముద్ద మింగడు. ఆ ధ్యాసలోనే మొన్న పెళ్లిరోజు మరిచిపోయాడు. భార్య రేవతి అతనితో మాట్లాడటం మానేసింది.

సంధికి అతను ఎన్నుకున్న ఆయుధం, నెల్లూరు కాఫీషాపులో ఆమె ముచ్చటపడి తాగిన, పైన పాలనురగ తేలే మసాలా టీ లాటే. అల్లం, యాలకులు, దాల్చినచెక్క వేసి డికాక్షన్ మరిగించాడు. వేడిపాలను కవ్వంతో యజ్ఞం చేసినంత దీక్షగా చిలికి, కప్పులోని డికాక్షన్ మీద పోశాడు. తెల్లటి నురగ అంచుదాకా పొంగింది. మస్తానయ్య గుండె గతుక్కుమంది. బుద్ధి అడ్డుపడేలోగా చెయ్యి గరిటె అందుకుని, నురగంతా తోడి తొట్టిలో పారేసింది.

గుమ్మంలోంచి చూస్తున్న రేవతి ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏందయ్యా, ఉండే నురగంతా తీసి పారేస్తివి? అది తాగి చచ్చేదానికి నేనేమన్నా రొయ్యనా?"

రేవతి నోట మాటైతే వచ్చింది. మస్తానయ్య ఊపిరి పీల్చుకుని మళ్లీ కవ్వం పట్టాడు, ఈసారి కళ్లు మూసుకుని.